సంతకం చేసి తీసుకెళ్ళారు

విమానం వాళ్ళదని పత్రికలు రాస్తాయి.
కాదు, మాది.
పగలంతా మాది.
చీకటి పడేవేళ ఏడుగురికి అరువిచ్చేవాళ్ళం,
పైలట్ చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని మరీ.

లింకన్‌షైర్‌లో, చక్కెరదుంపల పొలాల నడుమ,
కాంక్రీటు మీద నాలుగింజన్ల లాంకాస్టర్.
పక్కటెముకల మీద ఎర్రగా క్యూ అక్షరం.
క్వీనీ అనేవాళ్ళం.
మూడో ఇంజను నాది.
నూనె కారని రోజు లేదు దానికి,
జలుబు చేసిన పిల్లాడి ముక్కులాగ.
"కారుతోందంటే లోపల ఇంకా ఉందన్నమాట,
సంతోషించు" అనేవాడు కార్పొరల్ థాక్రే.

మనుషుల్ని నేను మొహాలతో ఎరగను.
తెల్లారి వాళ్ళు వదిలివెళ్ళిన వాటితో ఎరుగుదును.
నావిగేటర్ స్నీత్, బల్ల కింద పెన్సిలు పొట్టు.
భయపడ్డ రాత్రి గుప్పెడు,
బాగా భయపడ్డ రాత్రి దోసెడు.
వైర్‌లెస్ కుర్రాడు టోపీలో కక్కుకుని
దాన్ని ఉత్తర సముద్రంలో పారేసేవాడు.
నెలకో కొత్త టోపీ, జీతంలో కోత.
వెనక గన్నర్ ఐవర్ ప్యూ, వేల్స్ బొగ్గుగనుల వాడు.
మరక కూడా శత్రువులా కనిపిస్తోందని
ఎదుటి అద్దం పీకేయించుకున్నాడు.
ఆ గాలికి రాయైపోయిన నారింజను
చంకలో పొదిగి పొదిగి తినేవాడట.
తొక్కలు నాకు.
పైలట్ ట్రెగియర్ సీటు ఎప్పుడూ తడి.
చెమటేనని రాసుకోండి.

తిరిగొచ్చిన ప్రతిసారీ ముక్కు మీద
పసుప్పచ్చ బాంబు బొమ్మ ఒకటి.
కుంచె నాదే.
ఇటలీ వెళ్ళొచ్చినందుకు మాత్రం ఐస్‌క్రీం గీశాను.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నాది హల్.
మా వీధి మీద పడ్డదాన్ని
ఏ పిల్ల, ఏ రంగుతో, ఏ ముక్కు మీద గీసిందో
అని ఒక్కసారే అనుకున్నాను.
రంగు ఆరకముందే ఇంకో పని పడింది.

ఇరవై తొమ్మిది బాంబులు, ఒక ఐస్‌క్రీం.
ముప్ఫై పూర్తయ్యాయి. ఏడుగురూ బతికారు.
అలా జరగదు. జరిగింది.
ఐవర్ ప్రొపెల్లర్ రెక్కను ముద్దుపెట్టుకుని
పెదాలకు నూనె పూసుకున్నాడు.
నా ఇంజను నూనే.
బీరు, పాట, ట్రక్కు, వెనక్కి ఊగిన చేతులు.

మర్నాడు నవంబరు వాన.
కొత్తవాళ్ళు ఏడుగురు.
పైలట్ నా కలం అడిగి తీసుకున్నాడు.
ఎడమచేతివాటం. చినుకు పడి సంతకం అలుక్కుపోయింది.
"మంచిదేనా ఇది?" అన్నాడు.
"మూడోది కారుతుంది, కంగారుపడకండి" అన్నాను.
వాళ్ళతో నేను మాట్లాడింది మొత్తం అంతే.

తెల్లవారింది. కాంక్రీటు ఖాళీ.
నూనె మరక ఒక్కటే తన చోట తను.
థాక్రే సైకిలెక్కి కూర్చున్నాడు,
ఒక కాలు నేలమీద,
తొక్కకుండా, ఎనిమిదింటిదాకా.
నేను ఏడ్చాను.
దేనికో కూడా చెప్పాలిగా.
ఏ చిల్లుకు ఏ అతుకు వేశానో
చీకట్లో తడిమి చెప్పగలిగిన
ఆ రేకు కోసం ఏడ్చాను.
మనుషుల పేర్లు తెలియవు.
ఊడవడానికి పొట్టు లేదు, తొక్క లేదు.
పుస్తకం తెరిచి చూశాను.
మొదటి అక్షరం హెచ్ కావచ్చు. ఎన్ కూడా కావచ్చు.
కలం తిరిగివ్వలేదతను.

మధ్యాహ్నానికి ఇంకొకటి వచ్చి దిగింది.
అదే క్యూ, పచ్చిరంగు వేలికంటుతోంది.
దీని మూడో ఇంజను కారదు.
ఎన్నిసార్లు కింద చెయ్యి పెట్టి చూసినా కారదు.

క్రిస్మస్‌కి ఐవర్ కార్డు:
"మా క్వీనీ ఎలా ఉంది?"
రెండుసార్లు కూర్చుని లేచాను.
మూడోసారి థాక్రే దగ్గర కలం అరువు తీసుకుని
క్యూ బాగానే ఉంది, అని రాశాను.
అక్షరాలా నిజం.